తుఫాను సినిమాకు రొయ్యల పిజ్జా

ఫ్రిజ్ తలుపు తీయగానే ఓవెనక్క గుండె గుభేలుమంది: రాత్రి తన చేతులతో ఒలిచి, కడిగి, తడి లేకుండా గుడ్డతో అద్ది, మూతపెట్టి ఉంచిన రొయ్యలు లేవు.

గిన్నె ఉంది. సింకు పక్కన బోర్లించి ఉంది. లోపల వేలితో రాసి చూసింది, జిడ్డు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది, సబ్బు వాసన తప్ప మరో వాసన లేదు. కిటికీ గడియ వేసింది వేసినట్టే ఉంది. టీవీ గోడకే ఉంది. టీవీ వదిలేసి రొయ్యలు పట్టుకుపోయే దొంగ ఎక్కడైనా ఉంటే ఉండొచ్చు. పోతూపోతూ గిన్నె తోమి బోర్లించే దొంగ మాత్రం ఏ ఊళ్లోనూ ఉండడు.

ముందుగదిలో ఆమె మామగారు పాత తోలుపెట్టె ముందు కూర్చుని బనీన్లు మడతపెడుతున్నాడు. పొట్టి మనిషి, బండ మెడ, ఆ మెడ మీద ఎప్పుడో ఆవిరి కొట్టి నున్నగా మెరిసే మచ్చ. జీవితమంతా ఓడల్లో బాయిలర్ల దగ్గర పనిచేశాడు. వీధిలో అందరికీ ఆయన బాయిలరుగారు.

"మామయ్యా, ఫ్రిజ్‌లో రొయ్యలేవి?"

"ఏ రొయ్యలు?"

"రాత్రి మీ కళ్లముందే ఒలిచాను కదా, ఆ రొయ్యలు."

"ఓహో, ఆ రొయ్యలా!" మడతపెట్టిన బనీను విప్పి మళ్లీ మడతపెట్టాడు. "పిల్లేమో."

"పిల్లి గిన్నె తోముతుందా?"

"ఏమో అమ్మాయ్. టైలరమ్మ పిల్లి అసలే గడుగ్గాయి."

ఓవెనక్క వంటింట్లోకి తిరిగింది. ఇంకా మాట్లాడితే పెట్టె సంగతి వస్తుంది. పెట్టె సంగతి ఇప్పుడు రాకూడదు.

ఆ సాయంత్రం మామయ్య వెళ్లిపోతున్నాడు. ఓడల్లో పనిచేసి మానేసినవాళ్ల కోసం ఊరి చివర ఒక ఆశ్రమం ఉంది. అక్కడ ఒక మంచం ఖాళీ అయిందని తెలిసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లి పేరు ఇచ్చి వచ్చాడు. ఇంట్లో ఎవరికీ అంటే ఆమె ఒక్కదానికే, ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. భోజనాల వేళకు వ్యాను వస్తుందని మాత్రం మొన్న చెప్పాడు, వాన వస్తుందని చెప్పినట్టు.

ఎందుకు వెళ్తున్నాడో ఆమెకు తెలియక కాదు. ఆమె పనిచేసే పిజ్జా కొట్టు యజమాని పక్క ఊళ్లో ఇంకో కొట్టు తెరుస్తున్నాడు. వంటగది పెత్తనమంతా ఆమెకే ఇస్తానన్నాడు. కొట్టు పైన ఒక గది, ఎక్కడానికి నిట్టనిలువు మెట్లు. ఈ ఇంటి మెట్లకే మూలిగే మామయ్య మోకాళ్లు ఆ మెట్లను చూస్తేనే ఏడుస్తాయి. "మా మామయ్యను వదిలి రాను," అని ఆమె అక్కడికక్కడే చెప్పేసింది. ఆ మాట ఆయనకెలా తెలిసిందో, ఆ వారమే అటక మీది తోలుపెట్టె కిందికి దిగింది.

వాదించి మామయ్యను గెలిచినవాళ్లు లేరు. ఓడలో ఒక కెప్టెనే గెలవలేకపోయాడని ఆయనే చెబుతాడు. కాబట్టి ఓవెనక్క వాదించలేదు. పిజ్జాతో గెలవాలని నిశ్చయించుకుంది.

వారానికో సాయంత్రం వాళ్లిద్దరూ టీవీ ముందు కూర్చుని సముద్రం సినిమా చూస్తారు, సముద్రపు పిజ్జా తింటారు. ఏ సినిమాకు ఏ పిజ్జానో ఆమె లెక్క ఆమెది. దీవిలో చిక్కుకుపోయిన మనిషి సినిమాకు పీత మాంసం. తిమింగలం సినిమాకు స్క్విడ్ చక్రాలు. లైట్‌హౌస్ కాపలావాడి సినిమా నీరసంగా నడుస్తుంది కాబట్టి దానికి ఉప్పు నెత్తళ్ల చేపలు, నిద్ర రాకుండా. ఓడ పక్కకు ఒరిగినప్పుడల్లా మామయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి. అది చూసి ఆమె ఇంకో ముక్క ఆయన పళ్లెంలో వేసేది. మనిషి ఓడ దిగినా మనసు దిగలేదు, పాపం.

అన్నిటికన్నా పెద్ద సినిమా తుఫాను సినిమా. దానికి వెల్లుల్లి, ఎండుమిర్చి పట్టించిన రొయ్యలు. ఆ సినిమా ముందు, ఆ పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక ఏ మనిషీ లేచి వ్యాను ఎక్కలేడు. ఖాళీ వ్యాను వచ్చిన దారినే పోతుంది. ఇదీ ఆమె ఎత్తు.

ఇప్పుడు రొయ్యలు పోయాయి. పోతే పోనీ. సముద్రంలో రొయ్యలకు కరువా?

చెప్పులు వేసుకుని బయలుదేరింది.

కొట్టులో ఆమె చోటు ఓవెన్ నోటి ముందు. ఎదురుగా మంట, వెనక గోడ, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. రెండు ముంజేతుల మీదా అడ్డంగా కాలిన గీతలు, పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా. పళ్లాల్లో పొంగిన పిండి ఉండలను వేలితో నొక్కి చూస్తుంది. నొక్కిన గుంట నెమ్మదిగా పైకి లేస్తే పిండి సిద్ధం. ఉండను అరచేతులతో చరిచి, గుండ్రంగా సాగదీసి, పొడుగు కర్ర పలక మీదకు ఎక్కించి, ఒక్క విసురులో ఓవెన్‌లోకి జారుస్తుంది. చేపగానీ రొయ్యగానీ మాత్రం రొట్టె సగం కాలాకే పైన వేస్తుంది. ముందే వేస్తే రబ్బరు నమిలినట్టుంటుంది.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. భర్త, అంటే మామయ్య ఒక్కగానొక్క కొడుకు, కరెంటు పని చేసేవాడు. జ్వరమొచ్చి, తగ్గినట్టే తగ్గి, పోయాడు. ఆ తర్వాత ఆమె చాలా రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఒక సాయంత్రం మామయ్య గుమ్మంలో నిలబడి, చిన్నపిల్లాడిలా మొహం పెట్టి, సముద్రం మీద బెంగగా ఉందమ్మాయ్, రొయ్యలేసిన పిజ్జా తినాలనుంది, అన్నాడు. కొడుకును పోగొట్టుకున్న మనిషి నోరు తెరిచి అడిగాడు. ఎలా కాదంటుంది? లేచింది. ఈ కొట్టుకు వచ్చి, పిండి ఎలా కలపాలో చెప్పమని యజమానిని అడిగింది. ఇంటికి పోయి ఇనప పెనం మీద చేసింది, మాడ్చింది, మర్నాడు మళ్లీ వచ్చి ఎందుకు మాడిందో అడిగింది. అలా అడిగీ అడిగీ, చివరికి యజమాని విసుగెత్తి, "ఇంతగా ప్రాణం తీసేకన్నా ఇక్కడే పనిలో చేరు తల్లీ," అన్నాడు. చేరింది. ఓవెనక్క అయింది.

"ఏమంటావు ఓవెనక్కా?" మధ్యాహ్నం రద్దీ తగ్గాక యజమాని వచ్చి గల్లా బల్లకు ఆనుకున్నాడు. బక్కపలచటి మనిషి, భుజం మీద తువ్వాలు లేకుండా ఎవరూ చూడలేదు. "రాత్రికల్లా నాకు మాట కావాలి. లేకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి."

"నా మాట మారదు అయ్యగారూ."

"మీ మామగారు ఎటూ వెళ్తున్నారటగా?"

"వెళ్లరు."

"వెళ్లనన్నారా?"

"అనలేదు. అంటారు."

"మొండిఘటం," అంటూ తువ్వాలు దులుపుకుని వెళ్లాడు. కోపంగా అనలేదు. వెళ్తూ ఆమె ఇంటికి పట్టుకెళ్లే పిండి ఉండను తనే తీసి మూత డబ్బాలో పెట్టి ఇచ్చాడు.

చేపల బజారుకు వెళ్లేసరికి ఆలస్యమైంది. అరుగులు కడుగుతున్నారు. అన్ని బుట్టలూ చూసింది. చేపలున్నాయి, పీతలున్నాయి, రొయ్యలు మాత్రం లేవు. చివరి అరుగు మీద చేపలమ్మ ముసలామె గోనె కప్పిన బుట్టకు అడ్డంగా కూర్చుని ఉంది.

"ఆ గోనె కింద ఏంటవ్వా?"

"ఏముంటే నీకేం? హోటలువాడికి పెట్టినవి."

"రొయ్యలేనా?"

"చెబుతుంటే వినపడట్లా? హోటలువాడికి పెట్టినవని."

ఓవెనక్క అరుగు మీద ఆమె పక్కనే చతికిలబడింది. తడిసిన అరుగు నీళ్లు చీరకు పట్టాయి. కదల్లేదు. "హోటలువాడు వచ్చేదాకా కూచుంటానవ్వా. వాణ్ణే అడుగుతాను."

"ఓయమ్మో, ఇది ఉడుంపట్టే! ఎవరికే అంత ఆత్రం, మొగుడికా?"

"మా మామయ్యకి. ఇవాళ ఇల్లు వదిలి వెళ్తానంటున్నాడు. ఆపాలి."

ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది. "మామ పోతానంటే రొయ్యలు పెట్టి ఆపే కోడలివా? నా కోడలైతే పెట్టె సర్దిచ్చి బండి పిలుస్తుంది." గోనె తొలగించి రెండు దోసిళ్ల రొయ్యలు సంచిలో పోసింది. "పో. హోటలువాడికి పిల్లి తినేసిందని చెప్తాలే."

ఈ ఊళ్లో పిల్లులకు ఇవాళ రోజు బాగాలేదనుకుంది ఓవెనక్క.

ఇంటి మెట్ల దగ్గర టైలరమ్మ ఎదురైంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. ఆమె నోట్లో గుండుసూదులు ఆగుతాయి గానీ నువ్వుగింజ నానదు.

"మీ మామగారికి చెప్పమ్మా, రొయ్యల కూర అదిరిపోయిందని! పొద్దున్నే ఒలిచిన రొయ్యలు గిన్నెడు తెచ్చిచ్చారు. గిన్నె తోమి ఇప్పుడే ఇచ్చెయ్యమని పక్కనే నిలబడి మరీ తోమించుకున్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు, నీకు అసలే చెప్పొద్దన్నారు. అందుకే ఇంకెవరికీ చెప్పలా, నీకే చెప్తున్నా."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. టైలరమ్మ పట్టించింది.

ఓవెనక్క మెట్ల మీద కాసేపు నిలబడిపోయింది. వెళ్లేవాడు వెళ్లొచ్చు. కానీ చివరి సాయంత్రం కూడా తనతో కూర్చోవడం ఇష్టం లేక, రొయ్యలు దానం చేసేశాడా? రొయ్యలు లేకపోతే పిజ్జా ఉండదు, పిజ్జా లేకపోతే సినిమా ఉండదు, సినిమా లేకపోతే చల్లగా జారుకోవచ్చు. అంతేనా? సంచి పిడి చేతికి ఒకటికి రెండుసార్లు చుట్టుకుంది. సరే. చూద్దాం.

వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని రొయ్యలు ఒలిచింది. వీపు చీల్చి నల్లదారం లాగేసింది. గుడ్డతో అద్దింది. వెల్లుల్లి దంచింది, ఎండుమిర్చి చిదిమింది. పిండి ఉండను సాగదీసి, టమాటా సాస్ పలచగా పూసి, చీజ్ తక్కువగా చల్లింది. ఇంటి ఓవెన్ చిన్నది. అందులో ఇనప పెనం బోర్లించి ముందే ఎర్రగా కాచి ఉంచింది. సగం కాలాక రొయ్యలు పరిచింది. అవి గులాబీరంగుకు తిరిగి ముడుచుకుంటున్నప్పుడు వచ్చిన వాసన ముందుగదిలోకి వెళ్లే ఉంటుంది, ఎందుకంటే అక్కడ దగ్గు వినిపించింది.

పళ్లెం తెచ్చి ఒళ్లో పెట్టింది. మామయ్య పళ్లెం వైపు చూశాడు. బూట్లు అప్పటికే వేసుకుని ఉన్నాడు. పెట్టె గుమ్మం పక్కన నిలబెట్టి ఉంది.

"రొయ్యలు దొరికాయా!"

"దొరికాయి. పిల్లి తిరిగి తెచ్చిచ్చింది."

మామయ్య గుటక మింగాడు. ఆమె దీపం ఆర్పి సినిమా పెట్టింది. నల్లటి మేఘాలు, ఎగిసే కెరటాలు, పైన కెప్టెను చుక్కాని పట్టుకుని అరుస్తున్నాడు. మామూలుగా ఇక్కడికి రాగానే మామయ్య, "వీడు పైన నిలబడి అరవడమే, కింద బొగ్గేసేవాడి గతేంటో ఒక్కడూ చూపించడు," అంటాడు. ఇవాళ అదీ అనలేదు. వంగి, పళ్లెంలో ఏదో చేస్తున్నాడు.

ఆమె టీవీ వెలుగులో పరీక్షగా చూసింది. ఆయన ముక్క మీది రొయ్యను రెండువేళ్లతో తీసి పళ్లెం అంచున పెట్టాడు. రొట్టె కొరికాడు. ఇంకో రొయ్య తీశాడు. దాన్ని మొదటిదాని పక్కన పెట్టాడు.

ఆమె సినిమా ఆపేసింది. కెరటం గాల్లో నిలిచిపోయింది.

"బాగాలేవా?"

"బాగున్నాయి."

"పొద్దున టైలరమ్మకి కూడా బాగున్నాయట."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మామయ్య మూతి తుడుచుకున్నాడు. తర్వాత చెయ్యి దించి, నిటారుగా కూర్చున్నాడు.

"నేనే ఇచ్చాను. నిన్న రాత్రి నువ్వు ఒలుస్తున్నప్పుడే అనుకున్నాను, పొద్దున ఇచ్చేశాను. నాకు చేపలన్నా రొయ్యలన్నా పడవమ్మాయ్. ఓడెక్కిన మొదటి ఏడాదే మొహం మొత్తింది. పొద్దున చేప, మధ్యాహ్నం చేప, రాత్రి పొద్దుటి చేప. ఒడ్డుకొచ్చాక జన్మలో ముట్టకూడదనుకున్నాను."

"మరి ఇన్నేళ్లు..."

"తిన్నాను."

"ఓడ ఊగినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకునేవారు కదా మామయ్యా! సముద్రం గుర్తొచ్చే కదా?"

"సముద్రం నేనెక్కడ చూశాను? నేనుండేది అట్టడుగున. చూసిందంతా గొట్టాలూ, ఆవిరి కొలిచే గేజీలూ. అవి కళ్లనీళ్లు కాదు తల్లీ, కడుపులో తిప్పడం. నిజం ఓడలో ఒక్కరోజు తిప్పలా, ఈ టీవీ ముందు కూర్చుంటే తిప్పుతుంది. కుర్చీ పట్టుకోకపోతే నీ పిజ్జా నీ ఒళ్లోనే పడేది."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఇంకోలా మారింది. వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. ఒకసారి హారన్ మోగింది, మర్యాదగా.

"ఎందుకు తిన్నారు మరి? నేనేం బలవంతం చేశానా?"

"చెయ్యలేదు. నేనే చేశాను, నిన్ను." మామయ్య పళ్లెం పక్క బల్ల మీద పెట్టాడు. "వాడు పోయాక గోడవైపు తిరిగి పడుకున్నావు. డాక్టరు చెప్పాడు, టైలరమ్మ చెప్పింది, నేను కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను. ఆకలి లేదన్నావు. ఒకరోజు నాకు కళ్లు తిరిగి గుమ్మంలో కూలబడ్డాను. నువ్వు లేచొచ్చి మంచినీళ్లు పట్టి, మళ్లీ పోయి పడుకున్నావు. అప్పుడర్థమైంది. ఈ పిల్ల తన ఆకలికి లేవదు, ఇంకొకళ్ల ఆకలికి లేస్తుంది. అందుకని నాకు సముద్రం మీద బెంగగా ఉందని చెప్పాను. అన్నంలోకి ఏదైనా అడిగితే చిటికెలో చేసి పడేసి మళ్లీ పడుకుంటావు కదా? చెయ్యడానికి కష్టమైందేదో అడగాలనుకున్నాను. పిజ్జా అన్నాను. అప్పటికి పిజ్జా ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. ఒక్కసారికే అనుకున్నాను. మరుసటి వారం నువ్వు పీతలు తెచ్చావు."

హారన్ మళ్లీ మోగింది. ఎవరూ లేవలేదు.

"ఇవాళ ఎందుకిచ్చేశారు?"

"రొయ్యలు లేకపోతే ఏం చేస్తావో చూద్దామని. నీకిష్టమైంది ఏదో వండుకుంటావేమో, ఇన్నేళ్లకైనా అదేంటో నాకు తెలుస్తుందేమో అని. నువ్వేం చేశావు? ఊరంతా తిరిగి, చీర తడుపుకుని, మళ్లీ నాకోసం రొయ్యలే తెచ్చావు. నేనిక్కడుంటే నువ్వు ఎప్పటికీ నా ఆకలికే లేస్తావమ్మాయ్. ఆ కొట్టుకు వెళ్లు. నీ ఆకలికి నువ్వు లే."

"అక్కడ మీకేం పెడతారో ఏమో..."

"కనుక్కున్నాను. వారమంతా బంగాళాదుంపలే. అక్కడున్నవాళ్లందరూ ఓడలు దిగినవాళ్లు కదా, చేప పేరెత్తితే కొడతారట." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నిజంగానే వెలిగింది.

ఆ వెలుగు ఆమె చూసింది. ఆయన్ను ఆపడానికి పొద్దుటినుంచీ కూడగట్టుకున్న పట్టు వేళ్ల సందుల్లోంచి ఇసుకలా జారిపోయింది. చెంగుతో మొహం తుడుచుకుంది.

"మామయ్యా, నాకు రొయ్యలంటే ఇష్టం."

"నా మొహం చూసి చెప్తున్నావా?"

"మొదట్లో మీకోసమే తిన్నాను. తర్వాత, ఎప్పటినుంచో తెలీదు, వారమంతా ఈ సాయంత్రం కోసం నోరూరుతుంటుంది. సినిమా కూడా ఇష్టమే. లైట్‌హౌస్‌ది తప్ప."

మామయ్య ఆమెను చాలాసేపు చూశాడు, గేజీ ముల్లు ఎక్కడ నిలిచిందో చూసినట్టు. "అయితే ఇంతకాలం తిన్నది దండగ కాలేదు," అన్నాడు.

ఆమె ఫోను తీసింది. అవతల యజమాని గొంతు వినగానే, ఊపిరి పీల్చుకోకుండా, "అయ్యగారూ, కొత్త కొట్టు వంటగది నేనే చూసుకుంటాను," అని పెట్టేసింది. లేకపోతే మాట మారిపోయేదేమో. మామయ్య పళ్లెం మళ్లీ ఒళ్లోకి లాక్కుని, రొయ్యలన్నీ అంచుకు ఏరి, రొట్టె పూర్తిచేశాకే లేచాడు.

పెట్టె ఆమే పట్టుకుంటానంది. ఆయన ఇవ్వలేదు. మోకాలు మీద చెయ్యి ఆన్చి ఒక్కో మెట్టూ దిగాడు. కింద వ్యాను డ్రైవరు పెట్టె అందుకున్నాడు. మామయ్య ఎక్కి కూర్చుని, అద్దం దించి, పైన వరండాలో ఉన్న ఆమె వైపు మొహమెత్తాడు.

"లోపలికి పో అమ్మాయ్. చల్లారిపోతుంది, తిను."

వ్యాను మలుపు తిరిగింది. వీధి మళ్లీ మామూలైపోయింది. టైలరమ్మ మిషను చప్పుడు, ఎవరింట్లోనో కుళాయి.

ఓవెనక్క లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చుంది. సినిమా పెట్టింది. ఆగిన కెరటం విరిగి ఓడ మీద పడింది. పక్క బల్ల మీద మామయ్య పళ్లెంలో రొట్టె ముక్క కూడా మిగల్లేదు. అంచున మాత్రం రొయ్యలు ఒకదాని పక్కన ఒకటి, ఒక్కటీ కొరకనివి, ఇంకా వెచ్చగా ఉన్నాయి.